మామ దగ్గేదాకా

ఎవరైనా మోకాలు నొప్పి అంటే నాకు ముందుగా గుర్తొచ్చేది మా మామ దగ్గు. నా మోకాలికీ ఆయన దగ్గుకూ ఏం సంబంధమో చెప్పాలంటే కొంచెం వెనక్కి పోవాలి. ఇప్పుడు నా రెండు మోకాళ్లూ లేస్తే ఒకసారి, కూర్చుంటే ఒకసారి పటపటమంటాయి. మా కోడలు రోజూ అడుగుతుంది, "అత్తమ్మా, కసరత్తు చేసినవా?" అని. చేసిన అంటాను. కొన్ని రోజులు చేయకుండానే అంటాను. ఈ వయసులో కాలు ఎత్తడం కన్నా అబద్ధమాడటం తేలిక.

పోలీసు యాక్షన్ అయిన మరుసటేడు నేను సుల్తానాబాద్ పక్క పల్లెకు కోడలిగా వచ్చాను. ఇంట్లో అత్త, మామ, మా ఇంటాయన, నేను. తర్వాత ఇద్దరు పిల్లలు. చెరువు కింద కొంచెం వరి, ఒక జత ఎడ్లు, ఒక బర్రె. పాలేరును పెట్టుకునే స్తోమత లేదు, కోడలు వచ్చాక ఆ అవసరమూ లేదు. తెల్లారకముందే వాకిలి ఊడ్చి, సానుపు చల్లి, పేడ తీసి, బాయి నుంచి నీళ్లు తెచ్చి, జొన్నలు విసిరి, వండి, గంప నెత్తిన పెట్టుకుని పొలానికి పోతే మళ్లీ దీపాల వేళకు ఇంటికి. వచ్చాక వడ్లు దంచుడు. ఇవన్నీ చేసినందుకు ఎవరూ మెచ్చుకోలేదు, నేనూ ఆశించలేదు. అందరి ఇళ్లలో అందరు కోడళ్లూ చేసేదే. అలసిపోయాను అని నోటితో అనే అలవాటు కూడా మాకు లేదు.

నా చిన్నవాడు నడక నేర్చిన ఏడు, ఎండాకాలం చివర, మిరుగు కార్తె ఇంకా రాకముందు, పొలానికి పెంట ఎరువు మోస్తున్నాం. బండి పోయే దారి లేని మడి అది. నెత్తిన గంపతో ఒడ్డు మీద నడుస్తుంటే ఎండకు పగిలిన నెర్రెలో కుడికాలు దిగింది. కాలు అక్కడే ఆగింది, నేను ఆగలేదు. మోకాలిలో ఏదో పక్కకు తప్పుకున్న చప్పుడు నాకే వినిపించింది. గంపలో పెంటంతా నా మీదే. మా ఇంటాయన పరుగెత్తుకొచ్చి ముందు నన్ను లేపాడో గంపను లేపాడో, నాకు ఇప్పటికీ అనుమానమే.

మోకాలు గుమ్మడికాయంత అయింది. ఆముదపు ఆకులు వేడిచేసి కట్టారు. ఉప్పు మూటతో కాపడం పెట్టారు. వాపు కొంత దిగింది గానీ కాలు వంగలేదు, వంచితే ప్రాణం పోయినట్టుండేది. అప్పుడు సురుకులు పెట్టేవాణ్ని పిలిపించారు. ఇనుప కడ్డీ పొయ్యిలో ఎర్రగా కాల్చి మోకాలి చుట్టూ అంటించాడు. ఆ మచ్చలు ఇప్పటికీ ఉన్నాయి. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఏమిటో ఆ రోజు తెలిసింది. పుండ్లు మానేవరకు మోకాలు నొప్పి మరిచిపోయాను, ఆ మేరకు అతని వైద్యం పనిచేసిందనే చెప్పాలి.

నొప్పి కన్నా నన్ను ఎక్కువగా తిన్నది వేరే భయం. నేను మంచాన పడ్డ రోజు నుంచి నా పనంతా మా అత్త మీద పడింది. ఆమెకూ వయసైంది. నీళ్ల బిందె దించుతూ ఒకరోజు అననే అన్నది.

"నాట్ల దాకా చూస్త. అప్పటికి బురదల దిగితే దిగె. లేకుంటె కొన్నొద్దులు అవ్వగారింటికి పోయి ఉండు. మంచిగైనంక వద్దువు."

మంచిగైనంక వద్దువు అనే మాటకు మా ఊళ్లో అర్థం అందరికీ తెలుసు. మా వాడలోనే ఒకామెను నడుము నొప్పి అని అట్లాగే పంపారు. తర్వాత ఆమె చీరల పెట్టె కూడా బండిలో వెనకాలే పోయింది. పుట్టింట్లో నా అవ్వ, బాపు అప్పటికే లేరు. ఉన్నది అన్న, వదిన. కుంటి ఆడబిడ్డను ఏ వదిన ఎన్నాళ్లు సాకుతుంది? పిల్లలను నాతో పంపుతారో లేదో అది మరో భయం. మా ఇంటాయన ఆ మాట విన్నాడు, ఎడ్లకు గడ్డి వేయడానికి వెళ్లిపోయాడు. చెడ్డవాడు కాదు. తల్లి మాట్లాడేటప్పుడు ఆయనకు ఎప్పుడూ ఎడ్లు గుర్తొచ్చేవి.

అయినా ఆయనే నన్ను కరీంనగర్ దవాఖానకు తీసుకుపోయాడు. బస్సులో కాలు చాపే చోటు లేక దారంతా పళ్లు బిగబట్టుకుని కూర్చున్నాను. డాక్టరు మోకాలు అటూ ఇటూ తిప్పి చూశాడు. సురుకుల మచ్చలు చూసి ఒక నిట్టూర్పు విడిచాడు. ఎముక విరగలేదన్నాడు. లోపలి నరం సాగిందట. నొప్పికి భయపడి కాలు కదపనందుకు తొడ కండ చచ్చుబడుతోందట. నిజమే, రెండు తొడలూ పక్కపక్కన పెట్టి చూస్తే కుడిది నాది కానట్టే ఉంది. కండకు బలం తెస్తే మోకాలు దానంతట అది నిలబడుతుంది, లేకపోతే కర్రే గతి అన్నాడు. కసరత్తులు చేయించే నర్సమ్మ దగ్గరకు పంపాడు.

ఆమె గుంటూరు వైపు మనిషి. ఎత్తుగా ఉన్న బల్ల చూపించి "పైన కూర్చోండమ్మా" అంది. నేను కింద కూర్చోబోయాను. "కింద కాదు, పైన" అంది మళ్లీ. మా ఇంటాయన ఎదురుగా నిలబడి ఉన్నాడు. మొగుడు నిలబడి ఉండగా నేను ఎత్తు మీద కాళ్లు వేలాడేసుకుని కూర్చోవడం పెళ్లయ్యాక అదే మొదలు. సిగ్గుతో కొంగు నోట్లో కుక్కుకున్నాను. ఆమె అవేమీ పట్టించుకోలేదు. పాదానికి చిన్న ఇసుక మూట కట్టి, కాలు మెల్లగా ముందుకు చాచమంది. నిటారుగా నిలిపి ఉంచమంది, మళ్లీ మెల్లగా దించమంది. దించేటప్పుడు వణికింది చూడండి, అంత వణుకు నేను చలిజ్వరంలో కూడా ఎరగను.

"నొప్పి పుట్టినా మానకండి. వాపు వస్తే మాత్రం ఆపి కాపడం పెట్టండి. పొద్దున మంచం మీద పడుకుని మోకాలి కింద బట్ట చుట్టి పెట్టి నొక్కండి. సాయంత్రం ఇట్లా ఎత్తు మీద కూర్చుని చేయండి. పాదం నేలకు తగలకూడదు. గొంతుక్కూర్చోకండి. నెత్తిన బరువు మోయకండి."

చివరి రెండు మాటలకు నాకు నవ్వొచ్చింది. మా ఇంట్లో పొయ్యి, విసుర్రాయి, కత్తిపీట, అన్నీ నేల మీదే ఉండేవి. గొంతుక్కూర్చోకుండా బతకమంటే దొరసానిగా పుట్టి ఉండాల్సింది.

ఇంటికి రాగానే మా అత్త గుమ్మంలోనే అడిగింది.

"సూది ఏసిన్రా?"

"ఎయ్యలే అత్తా."

"గోలీలన్న ఇచ్చిన్రా?"

"ఇయ్యలే."

"మరి గంత దూరం పోయి ఏం తెచ్చుకున్నవే?"

"కాలూపుమన్నరు."

మా అత్త నా మొహం చూసింది, కొడుకు మొహం చూసింది. సూది లేని వైద్యాన్ని మా ఊళ్లో ఎవరూ వైద్యం అనరు. పైగా కాలూపడం! "కాళ్లూపితె ఇంట్ల లచ్చిమి నిలుస్తదా? చిన్న పోరగాండ్లు ఊపితేనే తొడ మీద ఒకటి ఏస్తం. గా దవాఖానోళ్లకు జర సోయి ఉన్నదా లేదా?" అని చేతులు తిప్పింది. బోడిగుండుకూ మోకాలికీ ముడిపెట్టడం అంటారు గానీ మా అత్త అంతకన్నా గట్టిది, నా మోకాలికీ ఇంటి దరిద్రానికీ ముడివేసింది.

సాయంత్రం కసరత్తుకు ఇంట్లో చోటు లేదు. నులక మంచం మీద కూర్చుంటే పాదం నేలకు తగులుతుంది. రోలు మీద కూర్చోకూడదు, గడప మీద కూర్చోకూడదు. కొట్టంలో పశువుల గాడి గోడ ఎత్తుగా ఉంటుందని దాని మీద ఎక్కాను. కాపడం పెట్టిన ఉప్పు మూట బట్టలోనే ఇసుక నింపి పాదానికి కట్టుకున్నాను. బర్రెకు ఆ ఉప్పు వాసన తగిలింది. అది నా పాదం, మూట కలిపి నాకడం మొదలుపెట్టి, చివరకు బట్టను నోట పట్టి లాగింది. నేను గడ్డిలో పడ్డాను, ఇసుకంతా పోయింది, బట్ట దాని కడుపులోకి పోయింది. మా అత్త వచ్చి ముందు బర్రెకు ఏమైనా అయిందా అని చూసింది. ఆ రోజు గడ్డిలోనే పడి ఏడ్చాను. నొప్పికి కాదు. ఇక నా వల్ల కాదనిపించింది, అంతే.

ఇంట్లో ఎత్తుగా ఉన్నది ఒక్కటే ఉంది, మా మామ బల్ల. ఇంటి ముందరి సాయమాను పంచలో ఉండేది. ఆదిలాబాద్ అడవి టేకుతో చేయించిన బల్ల, నలుగురు పడితే గాని కదలదు. పొలం నుంచి వచ్చాక ఆయన దాని మీద కూర్చుని చుట్ట కాల్చుకునేవాడు. రాత్రి అక్కడే పడుకునేవాడు. ఆ బల్లను నేను రోజూ తుడిచేదాన్ని గానీ దాని మీద కూర్చోవడం అనే ఆలోచనే ఉండేది కాదు. మామ ఎదుట కోడలు కూర్చోవడమే లేదు. ఆయన వస్తున్నప్పుడు వాకిట్లోనే దగ్గేవాడు. ఆ దగ్గు వినగానే మేము కొంగు సర్దుకుని తలుపు వెనక్కి జరిగేవాళ్లం. నాతో ఏదైనా చెప్పాలంటే గోడకో, పిల్లలకో చెప్పేవాడు. అన్నేళ్లలో ఆయన మొహం నేను తిన్నగా చూసింది లేదు.

బర్రె సంగతి జరిగిన మర్నాడు సాయంత్రం ఆయన చుట్ట వెలిగించలేదు. కర్ర తీసుకుని, భుజాన గొంగడి వేసుకుని లేచాడు. "నేను గట్ల పోయొస్త" అన్నాడు. ఎవరితో అన్నాడో తెలియదు, ఎదురుగా ఎడ్లు తప్ప ఎవరూ లేరు. వాకిలి దాటాక ఆగి, వెనక్కి తిరగకుండానే ఇంకో మాట అన్నాడు.

"వచ్చేటప్పుడు దగ్గుత."

మా అత్త పొయ్యి దగ్గర నుంచి తల తిప్పి నావైపు చూసింది. నేను చాలాసేపు ఆ బల్ల పక్కన నిలబడ్డాను. తర్వాత ఎక్కి కూర్చున్నాను.

అప్పటి నుంచి రోజూ అంతే. పొద్దు గూట్లో పడేవేళకు ఆయన బయటికి, నేను బల్ల మీదికి. కాలు చాచి, ఉయ్యాల పాట ఒక చరణం మనసులో పాడుకునేదాన్ని. చరణం అయ్యేదాకా దించేది లేదు. మొదట సగం చరణానికే కాలు పడిపోయేది. సందు మలుపులో దగ్గు వినపడగానే దిగి, బల్ల తుడిచి, లోపలికి పోయేదాన్ని. ఈ ఏర్పాటు గురించి ఇంట్లో ఎవరూ మాట్లాడలేదు. మా అత్త మాత్రం "ముసలాయనకు గీ యాళ తిరుగుడేందో" అని పొయ్యితో అనేది.

బలం వచ్చిందా అంటే, వచ్చిన రోజు వచ్చినట్టుండేది, మర్నాడు పోయినట్టుండేది. అన్నింటికన్నా అలసటే ఎక్కువగా గుర్తుంది. కుంటుతూనే ఇంటి పని చేసి, ఆ తర్వాత కాలికి కూడా పని చెప్పాలి. విశ్రాంతి కోసం దవాఖానకు పోతే మరో చాకిరీ తగిలించి పంపారు అనుకునేదాన్ని. ఎన్నిసార్లు మానేద్దామనుకున్నానో. మానేస్తే వదిన గుమ్మం కళ్ల ముందు కనిపించేది. మళ్లీ కాలు చాచేదాన్ని.

వానలు మొదలయ్యాక ఒక సాయంత్రం, పగలంతా నారుమడి దగ్గర ఉండి వచ్చి బల్ల మీద కూర్చున్నాను. కాలు రెండుసార్లు ఎత్తానో లేదో, కూర్చున్నచోటే గోడకు తల ఆనించి నిద్రపోయాను. మెలకువ వచ్చేసరికి బాగా చీకటి పడింది, తుంపర పడుతోంది. పక్కనే దగ్గు. ఉలిక్కిపడి దిగి తలుపు వెనక్కి పోయాను. మామ వాకిట్లోకి వచ్చాడు. గొంగడి తడిసి ముద్దయి ఉంది. గొంగడి తడవాలంటే తుంపర చాలదు, చాలాసేపు నిలబడాలి. ఎప్పటి నుంచి దగ్గుతున్నాడో. నేను లేవనంతసేపూ ఆయన లోపలికి రాలేదు. నన్ను లేపలేదు, అత్తను పిలవలేదు. గొంగడి దులుపుకుంటూ "వాన మంచిగనే పడుతున్నది" అని ఎడ్లకు చెప్పాడు. ఆ ఇంట్లో నా అలసటను చూసినవాడు ఒకడున్నాడని అప్పుడు తెలిసింది.

నాట్ల రోజు వచ్చింది. మా అత్త ఒడ్డు మీద నిలబడి చూస్తూ ఉంది. ఎడమకాలు ముందు పెట్టి, తర్వాత కుడికాలు బురదలో దించాను. బురద పట్టుకుంది. లాగాను. మోకాలు కలుక్కుమంది గానీ తప్పుకోలేదు. నడుం వంచి మొదటి కుదురు నాటాను. మధ్యాహ్నానికి వాచింది, సాయంత్రానికి కళ్లనీళ్లు తిరిగాయి. అయినా మడి అయ్యేదాకా గట్టెక్కలేదు. ఇంటికి వచ్చాక మా అత్త పలకరించకుండానే ఉప్పు వేడిచేసి మూటగట్టి నా ముందు పెట్టింది. అవ్వగారింటి మాట మళ్లీ ఎత్తలేదు. నేను గెలిచాననుకోలేదు. ఇంకో ఏడాది చాకిరీకి పనికొస్తానని తేలింది, అంతే.

నాట్లు అయినా, కోతలు అయినా మామ సాయంత్రాలు బయటికి పోవడం మానలేదు. నర్సమ్మ మానొద్దన్నది నన్ను, ఆయన్ను కాదు.

ఆ చలికాలం ఒక పొద్దున ఆయన బల్ల మీద నుంచి లేవలేకపోయాడు. రెండు మోకాళ్లూ బిగుసుకుపోయాయి. మా ఇంటాయన చంకల కింద చేతులు పెట్టి లేపితే గాని నిలబడలేదు. నేను తలుపు వెనక నుంచి, "అత్తా, మామకు గీ మోకాళ్లు ఎప్పటిసంది?" అని అడిగాను.

"ఎప్పటిసంది ఏందే? నువ్వు గీ ఇంట్లకు రాకముందుసంది. మంచం మీద కూసుంటె లేవరాకనే గా ఎత్తు బల్ల చేపిచ్చుకున్నడు. ఊరికె షోకుకు చేపిచ్చిండు అనుకున్నవా?"

మా వాడలో అరుగులన్నీ మూరెడెత్తువే. కూర్చుంటే లేవలేని మనిషి వాటి మీద కూర్చోలేడు. అంటే ఆ సాయంత్రాలన్నీ ఆయన సందులో కర్ర ఊతగా నిలబడే ఉన్నాడు. తన మోకాళ్లకు ఉన్న ఒకే ఒక ఆసరాను నా మోకాలికి ఇచ్చి, తాను వానలో నిలబడ్డాడు. ఆ మధ్యాహ్నం జొన్నలు విసురుతూ, విసుర్రాయి చప్పుడులో ఎవరికీ వినపడదని గట్టిగా ఏడ్చాను.

మా అత్త సురుకులవాణ్ని పిలిపిస్తానంది. మామ అడ్డంగా తలూపాడు. గోడవైపు చూసి అన్నాడు, "సురుకులొద్దు. గా పిల్లకు దవాఖానల ఏం జెప్పిన్రో గదే నాకు చెప్పుమను."

తలుపు వెనక నిలబడి చెప్పాను. కాలు చాచాలి, నిలపాలి, మెల్లగా దించాలి. ఆయన ఎత్తాడు, దబ్బున వదిలేశాడు. మళ్లీ చెప్పాను. మళ్లీ అంతే. చివరికి విసిగిపోయి, నా పెళ్లయ్యాక మొదటిసారి, గోడతో కాకుండా నాతో మాట్లాడాడు.

"తలుపు సాటుకెంచి చెప్తె నాకేం సమజైతది? ఇటొచ్చి కూసో. చేసి సూపియ్యి."

నేను అత్తవైపు చూశాను. అత్త పొయ్యిలో కట్టె ఎగదోసింది. "పోవే. ఊపుండ్రి, ఇద్దరు కలిసి ఊపుండ్రి. ఉన్న దరిద్రం కంటె కొత్తగ వచ్చేదేమున్నది గీ ఇంటికి" అంది.

బల్ల ఈ కొసన నేను, ఆ కొసన మామ. కొంగు నెత్తి మీదికి లాక్కుని కాలు చాచాను. ఆయన నా పాదం చూస్తూ తన కాలు చాచాడు. ఇద్దరి కాళ్లూ వణికాయి. పిల్లలు నోళ్లు తెరుచుకుని చూశారు, కాళ్లూపితే మమ్మల్ని కొట్టేవాళ్లు కదా, ఇప్పుడు వీళ్లకేమైంది అన్నట్టు.

ఆయన మోకాళ్లు బాగుపడలేదు. ఆలస్యమైందని దవాఖానలో చెప్పారు. సాయంత్రం తనంతట తాను బల్ల దిగి, వాకిలి దాకా పోయి వచ్చేంత బలం మాత్రం ఉండేది. అయినా రోజూ నేను పని ముగించుకుని వచ్చేదాకా చూసేవాడు, వచ్చాక కాలు చాచేవాడు. మేము పెద్దగా మాట్లాడుకున్నది లేదు. వాన గురించి, బర్రె గురించి. ఒక్కోరోజు అదీ లేదు. అలసిపోయిన ఇద్దరు మనుషులం ఒక బల్ల మీద కూర్చునేవాళ్లం. రోజంతటిలో నేను కూర్చునేది ఆ కాసేపే.

ఆయన కాలం చేసిన ఏడు, చలి ముదిరిన ఒక సాయంత్రం, కాలు చాచి ఉండగా ఆయనకు దగ్గు తెర వచ్చింది. ఆ చప్పుడు చెవిన పడగానే నేను దిగ్గున లేచి కొంగు సర్దుకున్నాను. అన్నేళ్ల అలవాటు. తలుపు వైపు రెండడుగులు వేశాను కూడా.

ఆయన ఛాతీ పట్టుకుని ఊపిరి కూడదీసుకున్నాడు. తర్వాత బల్ల మీద నేను లేచిన చోటును చేత్తో తట్టాడు.

"కూసో బిడ్డా. గిది వట్టి దగ్గే."

వెనక్కి వచ్చి కూర్చున్నాను.